తీరాంధ్ర వర్తక చరిత్ర – 7వ భాగం: అభయ శాసనం నుంచి బంగారు ఫర్మానా దాకా

పరాయి దేశంలో వ్యాపారం చేయదలచిన ఏ సంస్థ అయినా సరుకు, ధర, రవాణాల సంగతి చూసుకోకముందే కొన్ని ప్రశ్నలకు జవాబు వెతుక్కోవలసి ఉంటుంది. ఆ నేలమీద దిగడానికి అనుమతి ఎవరివ్వాలి, సుంకం ఎంత, దాన్ని ఏ అధికారి ఏ లెక్కన వసూలు చేస్తాడు, బాకీ ఎగవేసినవాడిపై ఎక్కడ ఫిర్యాదు చేసుకోవాలి, తమ మనిషి అక్కడ నేరం చేస్తే తీర్పు చెప్పేదెవరు, అతడు అక్కడే మరణిస్తే వదిలిపోయిన సొత్తు ఎవరిది అన్నవి ఆ ప్రశ్నలు. ఇవి నేటి బహుళజాతి కంపెనీల కాలంలో పుట్టినవి కావు. ఆంధ్ర తీరంలో 13వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం వరకు రాజులూ వర్తకులూ ఈ ప్రశ్నలకే రాతి స్తంభాలపైనా, కాగితాలపైనా జవాబులు రాసుకున్నారు. ఆ జవాబుల స్వభావం కాలక్రమంలో ఎలా మారిందో, ఆ మార్పు ఈ తీరాన్ని ఏ స్థితికి తెచ్చిందో పరిశీలించడమే ఈ భాగం ఉద్దేశం.

మోటుపల్లి: అందరికీ ఒకే మాట

నేటి బాపట్ల జిల్లా తీరంలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరెన్నికగన్న రేవు. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన శాసనం విదేశీ వర్తకుల హక్కులకు సంబంధించి దేశంలోనే అత్యంత విలువైన ఆధారాలలో ఒకటి. వర్తకులకు భయం లేదని రాజు ఇచ్చిన హామీ కాబట్టి దీన్ని అభయ శాసనం అంటారు.

ఈ శాసనం మొదట పాత ఆచారాన్ని దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాల వంటి సరుకంతటినీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని అందులో ఉంది. ప్రాణంకంటే ధనమే ఎక్కువనుకుని సముద్రయానమనే పెద్ద సాహసానికి దిగినవారిపై దయతో, కీర్తికోసం, పుణ్యంకోసం తాము నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలిపెడుతున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతులపైనా దిగుమతులపైనా సుంకం ముప్పైలో ఒక వంతు అని నిర్ణయించడమే కాక, చందనం, కర్పూరం, పన్నీరు, దంతం వంటి సరుకులకు దేనిపై ఎంత చెల్లించాలో విడివిడిగా చెక్కించాడు.

న్యాయశాస్త్ర దృష్టితో చూస్తే ఈ శాసనంలో మూడు విశేషాలున్నాయి. మొదటిది, ఇది ఏ ఒక్క దేశపు వర్తకులకో ఏ ఒక్క శ్రేణికో ఇచ్చిన వరం కాదు; అన్ని ద్వీపాలకూ దేశాలకూ పట్టణాలకూ రాకపోకలు సాగించే సముద్ర వర్తకులందరికీ వర్తించే సాధారణ నియమం. రెండోది, సుంకం ఎంతో అధికారి నోటిమాటకు వదలకుండా రేటును అందరి కళ్లముందూ ఉంచింది. మూడోది, రాజుకు అంతవరకూ చెల్లుబాటయిన ఒక అధికారాన్ని రాజే స్వయంగా వదులుకున్నట్లు నమోదు చేసింది. ఓడ పగిలిన సరుకు విషయంలో ఇంగ్లండు వంటి దేశం కూడా ఇంచుమించు ఆ కాలంలోనే సవరణకు పూనుకుంది. 1275 నాటి మొదటి వెస్ట్‌మినిస్టర్ చట్టం ఓడ నుంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే ఆ సరుకును రాజు సొత్తుగా పరిగణించరాదనీ, యజమాని ఏడాది ఒక రోజు లోపల వచ్చి రుజువు చూపితే తిరిగి ఇవ్వాలనీ చెప్పింది. మోటుపల్లి శాసనం అంతకు మూడు దశాబ్దాల ముందే, అలాంటి షరతేదీ పెట్టకుండానే ఆ హక్కును ఇచ్చింది.

కాకతీయ సామ్రాజ్యం కూలిన తర్వాత రేవు మళ్లీ కళ తప్పితే, కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. సంస్కృతం, తెలుగు, తమిళ భాషలలో వేసిన ఈ శాసనం రేవులో స్థిరపడడానికి వచ్చేవారిని ఆదరించి భూమి ఇస్తామనీ, వెళ్లిపోదలచుకుంటే అడ్డుపెట్టబోమనీ, తెచ్చిన సరుకును ఇష్టం వచ్చినవారికి అమ్ముకోవచ్చుననీ చెప్పింది. సంతానం లేకుండా మరణించిన వర్తకుడి ఆస్తిని రాజు స్వాధీనం చేసుకునే అపుత్రిక అనే ఆచారాన్ని కూడా వదులుకుంది. పరాయి నేలమీద వ్యాపారం చేసేవాడికి రాక, పోక, అమ్మకం, వారసత్వం అనే నాలుగు అంశాలలోనూ భరోసా కావాలని గుర్తించిన పాలనా బుద్ధి ఈ శాసనంలో స్పష్టంగా కనిపిస్తుంది.

మచిలీపట్నం: ఒక్కొక్కరితో ఒక్కొక్క ఒప్పందం

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికి ఈ తీరపు వర్తకమంతా మచిలీపట్నం చేరింది. స్థానికులు బందరు అని పిలుచుకునే ఈ రేవుకు పారశీకం, అరేబియా, బర్మా, సుమత్రాల నుంచి ఓడలు వచ్చేవి. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇక్కడికి కొత్తరకం వర్తకుడు వచ్చాడు. అతడు సొంత పెట్టుబడితో వచ్చిన వ్యక్తి కాడు. వాటాదారుల సొమ్ముతో, తన ప్రభుత్వం ఇచ్చిన గుత్తాధికార పత్రంతో నడిచే కంపెనీకి ఉద్యోగి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబరు 31న, డచ్చి కంపెనీకి 1602 మార్చి 20న అటువంటి పత్రాలు దక్కాయి. తూర్పు దేశాలతో వ్యాపారం చేయడానికి స్వదేశంలో తమకు తప్ప ఇతరులకు హక్కు లేదన్న ధీమాతో వచ్చిన ఈ కంపెనీలు ఇక్కడ కూడా ఇతరులకు లేని హక్కులనే కోరాయి.

1605లో మచిలీపట్నం చేరిన డచ్చివారు మరుసటి ఏడాది సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షాతో ఒప్పందం కుదుర్చుకున్నారు. దాని ప్రకారం వారి ఎగుమతి, దిగుమతి సుంకం నూటికి నాలుగు వంతులకు పరిమితమైంది. అంతకంటే పెద్ద లాభం ఛాపా దలాలీ నుంచి మినహాయింపు. స్థానికంగా కొన్న బట్టపై ముద్ర వేసి నూటికి పన్నెండు వంతుల చొప్పున వసూలు చేసే ఈ పన్నును మిగతా వర్తకులు చెల్లిస్తూనే ఉండగా డచ్చివారికి తప్పింది. అద్దకపు బట్టలే ఈ తీరపు ప్రధాన సరుకు కాబట్టి, ఆ ఒక్క మినహాయింపుతో ఒకే సంతలో ఒకే సరుకు కొనే ఇద్దరిలో ఒకరికి పన్నెండు వంతుల తేడా ముందే కలిసివచ్చింది.

రాజు ముద్రతో వెలువడే ఇలాంటి ఆజ్ఞాపత్రాన్ని ఫర్మానా అంటారు. అంతకంటే కింది స్థాయిలో ప్రాంతీయాధికారి ఇచ్చే హామీపత్రం కౌలు. ఫర్మానా చేతిలో ఉన్నంత మాత్రాన పని జరిగిపోయేది కాదు. రేవులో దాన్ని అమలు చేయవలసినవారు హవాల్దారు అనే పాలకుడూ, షాబందరు అనే రేవు అధికారీ. గోల్కొండ పద్ధతిలో పాలకుడి పదవిని ఏటా వేలం పాడేవారు. ఎక్కువ మొత్తం ఇస్తానన్నవాడికి రేవు దక్కేది. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఇంగ్లీషు వర్తకుల పెద్దగా ఉన్న విలియం మెత్‌వోల్డ్ ఈ పద్ధతిని తన గోల్కొండ వృత్తాంతంలో వివరించాడు. పాడుకున్న మొత్తాన్ని ఏడాదిలోగా రాబట్టుకోకపోతే శిక్షకు గురయ్యే అధికారికి, కంపెనీల సుంకం తగ్గించమన్న రాజాజ్ఞ తన సొంత జేబుకు గండి కొట్టేదిగానే కనిపించేది. అందువల్ల రాజధానిలో ఇచ్చిన హక్కు రేవుకు వచ్చేసరికి బేరసారాల పాలయ్యేది.

ఇంగ్లీషువారి అనుభవం దీనికి సాక్ష్యం. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఓడపై వారు పెదపల్లికి, అంటే నేటి నిజాంపట్నానికి, అక్కడినుంచి మచిలీపట్నానికి వచ్చారు. ఆ ఓడలో వర్తకుడిగా వచ్చిన పీటర్ ఫ్లోరిస్ తనకు రావలసిన బాకీలు వసూలు చేసుకోలేక 1614 నవంబరులో, సుంకపు చావడిలో ఉన్న స్థానిక పాలకుడి కుమారుడిని బలవంతంగా పట్టి ఓడకెక్కించాడు. కొద్ది రోజులలోనే బాకీ ముట్టింది. ఈ ఘటనను కంపెనీ సాహసంగా చెప్పుకునే రచనలు ఉన్నాయి గాని, జరిగినది న్యాయాన్ని చేతిలోకి తీసుకోవడమే. పాలకుడే బాకీదారు అయినచోట అతడిపై ఫిర్యాదు వినే నిష్పాక్షికమైన సభ లేకపోవడం ఒక లోపమైతే, ఆ లోపాన్ని బలప్రయోగంతో పూడ్చుకోవచ్చునని వచ్చినవాడు నేర్చుకోవడం అంతకు మించిన ప్రమాదం. ఓడ ఫిరంగుల అండ ఉన్న విదేశీయుడికి సాధ్యమైన ఈ మార్గం అదే పాలకుడి చేతిలో నష్టపోయిన కోమటి వర్తకుడికో సాలె కుటుంబానికో ఎన్నడూ లేదు.

అధికారులతో ఘర్షణలు ముదిరి 1628లో ఇంగ్లీషువారు మచిలీపట్నం వదిలి, 1626లో తాము స్థావరం ఏర్పరచుకున్న దుర్గరాజపట్నానికి, అంటే వారు ఆర్మగాన్ అని పిలిచిన చోటికి తరలిపోయారు. రెండేళ్లకు తిరిగివచ్చారు. ఆ తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో వారికిచ్చినదే చరిత్రలో బంగారు ఫర్మానాగా పేరుపొందిన పత్రం. ఏటా 500 పగోడాలు, అంటే వరహాలు, చెల్లించి గోల్కొండ రాజ్యపు రేవులన్నిటిలోనూ వారు స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చునని దాని సారాంశం. 1634లో అది మరోసారి ఖరారైంది. ప్రతిఫలంగా పారశీక గుర్రాల వంటి మేలైన సరుకులను ఓడలలో తేవాలనీ, వాటిని ముందుగా రాజుకు చూపాలనీ గోల్కొండ ఆశించింది.

ఈ ఏర్పాటులోని ఆర్థిక సూత్రాన్ని గమనించాలి. నూటికి ఇంత అని వసూలు చేసే సుంకం వ్యాపారంతోపాటు పెరుగుతుంది; ఏటా ఇంత అని ఖాయం చేసిన మొత్తం పెరగదు. కంపెనీ వ్యాపారం ఎన్ని రెట్లు పెరిగినా రాజ్యానికి వచ్చేది అంతే. రాజు తన రేవు ఆదాయంలో భవిష్యత్తు వాటాను ఒక్క సంతకంతో వదులుకున్నాడు. 1669 డిసెంబరులో ఫ్రెంచి కంపెనీ కూడా ఆర్మేనియన్ వర్తకుడు మర్కారా ద్వారా సుంకం లేని వ్యాపారానికి ఫర్మానా సంపాదించింది. నేటికీ మచిలీపట్నంలో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచివారు వేర్వేరు పత్రాలతో వేర్వేరు పేటలలో స్థిరపడ్డ సంగతిని చెబుతున్నాయి.

కోట లోపలి న్యాయం

సుంకం తర్వాత కంపెనీలు కోరినది సొంత నేల. డచ్చివారు 1610లో విజయనగర రాజు వెంకటపతిదేవరాయల నుంచి పులికాట్‌లో వ్యాపార హక్కు పొంది, పోర్చుగీసుల దాడి తర్వాత 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1620లో డేనులు తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో డాన్స్‌బోర్గ్ కోటకు పునాది వేశారు. ఇంగ్లీషువారికి 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటప్ప నాయకుడు మద్రాసు ఇచ్చాడు. కోట కట్టుకోవడానికీ, నాణేలు ముద్రించుకోవడానికీ, సొంత సరుకుపై సుంకం లేకుండా వ్యాపారం చేసుకోవడానికీ ఆ పత్రం అనుమతించింది; రేవు సుంకాలలో సగం నాయకుడికి చెందాలి. కోటకయ్యే ఖర్చు ఎవరిదన్న విషయంలో మొదటి ఏడాదే ఇరుపక్షాలకూ పేచీ వచ్చింది. నాయకుడే భరిస్తానన్నాడని ఇంగ్లీషువారు, తాను అలా ఒప్పుకోలేదని నాయకుడు వాదించారు. రెండు పక్షాలూ అంగీకరించిన మధ్యవర్తి ఎవరూ లేకపోవడంతో, ఖర్చు పెట్టి కట్టినవారిదే చివరకు పైచేయి అయింది.

ఆ ప్రాంతం గోల్కొండ అధీనంలోకి వచ్చాక సగం సుంకాల లెక్క మరో తగాదాకు కారణమైంది. లెక్క చూడాలంటే గోల్కొండ అధికారి ఒకరు పట్టణంలో ఉండాలి; అది కంపెనీకి ఇష్టం లేదు. 1672లో గోల్కొండ సేనాధిపతి నేక్‌నామ్ ఖాన్ ఇచ్చిన కౌలుతో ఏటా 1200 వరహాల స్థిరమైన మొత్తానికి వ్యవహారం ముగిసింది. మచిలీపట్నంలో సుంకానికి పనికొచ్చిన సూత్రమే ఇక్కడ నేలకూ పనికొచ్చింది. ఖాయమైన కొద్దిపాటి సొమ్ముకు బదులుగా రాజ్యం లెక్క అడిగే హక్కును వదులుకుంది.

కోట గోడల మధ్య ఎవరి చట్టం చెల్లుతుందన్నది మరో ప్రశ్న. 1661లో ఇంగ్లండు రాజు ఇచ్చిన అధికార పత్రం కంపెనీ గవర్నరుకూ అతడి సభకూ ఇంగ్లండు చట్టం ప్రకారం విచారణలు జరిపే అధికారం ఇచ్చింది. 1665లో మద్రాసులో ఒక ఇంగ్లీషు మహిళపై తన బానిస బాలికను చంపినట్లు నేరారోపణ వచ్చినప్పుడు, అక్కడి పెద్దకు గవర్నరు హోదా లేనందున విచారణ జరిపే అధికారముందా అన్న సందేహం తలెత్తింది. లండను ఆ హోదా కల్పించాక జ్యూరీ ముందు విచారణ జరిగి ఆమె నిర్దోషిగా బయటపడింది. 1678లో మద్రాసులో ఉన్నత న్యాయస్థానం, 1688లో మేయరు కోర్టు వెలిశాయి. ఈ నేలమీద ఈ నేల బిడ్డకు జరిగిన నేరాన్ని విచారించే అధికారం కోసం కంపెనీ సముద్రాల అవతలికి రాసుకుందే గాని, గోల్కొండ న్యాయాధికారిని అడగవలసిన అవసరం దానికి కలగలేదు. అప్పటికే ఆ కోటలో సార్వభౌమత్వం ఎటు మొగ్గిందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ప్రత్యేక హక్కు నుంచి పాలనాధికారానికి

గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది. మొగలు చక్రవర్తి ఫరూఖ్‌సియర్ 1717లో ఇచ్చిన ఫర్మానా ఏటా 3000 రూపాయల చెల్లింపుతో బెంగాలులో సుంకం లేని వ్యాపారాన్ని ఇంగ్లీషు కంపెనీకి అనుమతించింది. ఈ మినహాయింపును రుజువు చేసే రవాణా చీటీని దస్తకు అనేవారు. కంపెనీ సరుకుకు మాత్రమే వర్తించవలసిన దస్తకును ఉద్యోగులు తమ సొంత వ్యాపారానికి వాడుకున్నారు, స్థానిక వర్తకులకు అమ్ముకున్నారు. సుంకం కట్టేవాడు కట్టనివాడితో పోటీపడలేక చితికిపోయాడు.

దీనికి బెంగాలు నవాబు మీర్ కాసిం 1763లో చేసిన పరిష్కారం చరిత్రలో తగినంత గౌరవం పొందలేదు. కంపెనీ మినహాయింపును తీసివేసే బలం తనకు లేదు కాబట్టి, అతడు తన రాజ్యంలో అంతర్గత సుంకాలను అందరికీ రద్దుచేశాడు. దీనితో స్వదేశీ వర్తకుడూ విదేశీ కంపెనీ ఒకే మెట్టుపై నిలిచారు. కలకత్తా సభ దీన్ని కంపెనీ హక్కులకు భంగంగా ప్రకటించింది. తనకున్న మినహాయింపులో ఒక్క పైసా తగ్గకపోయినా, ఎదుటివాడికీ అది దక్కడమే తనకు నష్టమని వాదించింది. కంపెనీ ఇంతకాలం కోరుతున్నది స్వేచ్ఛా వాణిజ్యం కాదనీ, ఇతరులకు లేని స్వేచ్ఛ అనీ ఈ వాదనతో తేటతెల్లమైంది. ఆ తగవు యుద్ధంగా మారి 1764 అక్టోబరు 22న బక్సారులో కంపెనీ గెలుపుతో ముగిసింది.

దాని ఫలితం నేరుగా తెలుగు నేలను తాకింది. 1765 ఆగస్టు 12న చక్రవర్తి షా ఆలం బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీతోపాటు, అంటే పన్నుల వసూలు అధికారంతోపాటు, తీరాంధ్రలోని ఉత్తర సర్కారులను కూడా కంపెనీకి ఇస్తూ పత్రాలు జారీచేశాడు. మచిలీపట్నం అంతకుముందే, 1759లో, కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుంచి గెలుచుకోగా హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఆ ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చాడు. మిగిలిన సర్కారుల విషయంలో 1766 నవంబరు 12న నిజాం అలీఖాన్‌తో సంధి కుదిరి, ఏటా 9 లక్షల రూపాయలు చెల్లించే షరతుపై వాటిలో చాలావరకు కంపెనీ చేతికి వచ్చాయి. 1823లో 11,66,666 రూపాయలు ఒక్కసారిగా చెల్లించి కంపెనీ ఆ వార్షిక చెల్లింపును కూడా శాశ్వతంగా వదిలించుకుంది. సుంకానికి బదులు స్థిరమైన మొత్తం, నేలకు బదులు స్థిరమైన మొత్తం అన్న పాత సూత్రం ఇప్పుడు రాజ్యానికి బదులు స్థిరమైన మొత్తంగా పరిణమించింది.

తీర్పు

ఈ ఐదు శతాబ్దాల కథను విదేశీయుల కుట్రగానో, స్వదేశీ రాజుల అమాయకత్వంగానో కుదించడం సరికాదు. గోల్కొండ సుల్తానులకు వెండి, బంగారం, గుర్రాలు కావాలి. పోర్చుగీసుల ఆధిపత్యానికి పోటీ కావాలి. ఎక్కువమంది కొనుగోలుదారులు వస్తే నేతపనికి గిరాకీ పెరుగుతుందన్న అంచనా కూడా తప్పు కాదు. కంపెనీల ఫిర్యాదులలోనూ సత్యం ఉంది. ఏటేటా వేలంలో మారే అధికారి దగ్గర నిలకడగల న్యాయం దొరకదు. విదేశీ వర్తకుడిని ఆహ్వానించడం ఈ తీరానికి ఎన్నడూ నష్టం కలిగించలేదు. మోటుపల్లి కూడా ఆహ్వానించింది. తేడా ఆహ్వానంలో లేదు, ఆహ్వానించిన పద్ధతిలో ఉంది.

మోటుపల్లిలో రాజు తన అధికారానికి తానే హద్దు గీసుకుని, ఆ హద్దును అందరూ చదవగలిగే చోట చెక్కించి, వచ్చిన ప్రతివాడికీ ఒకే రేటు చెప్పాడు. మచిలీపట్నంలో, మద్రాసులో హద్దు గీసే కలం వర్తకుడి చేతికి మారింది. ప్రతి పత్రం ఒక్క కంపెనీకి ప్రత్యేకం. ప్రతి మినహాయింపు మరొకరికి భారం. మీర్ కాసిం అనుభవం చెప్పినట్లు, అలా ఒకసారి ఇచ్చిన ప్రత్యేక హక్కును తర్వాత అందరికీ పంచబోయినా యుద్ధమే వచ్చింది. నేటి భారత కంపెనీల చట్టం, 2013 దేశంలో కార్యస్థానం తెరిచిన ఏ విదేశీ కంపెనీ అయినా 30 రోజులలోగా తన పత్రాలను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలని అన్నిటికీ ఒకే నియమం పెట్టింది. ఆ ఒకే నియమం అన్న భావనకు ఈ నేలమీద మూలం వెతకదలచినవారు బంగారు ఫర్మానా దగ్గర కాక, మోటుపల్లి వీరభద్రాలయపు రాతి దగ్గర ఆగాలి. పరాయి వర్తకుడికి న్యాయం చేయగలిగేది, స్వదేశీ వర్తకుడికి అన్యాయం చేయని చట్టం మాత్రమే.

కంపెనీ పాలనలోకి వచ్చిన తర్వాత ఉత్తర సర్కారుల నేతగాళ్లు బయానాల (ముందస్తు సొమ్ము) ఒప్పందాలలో ఎలా చిక్కుకున్నదీ వచ్చే భాగంలో పరిశీలించవచ్చు.